ఎత్తిన చెయ్యి

ఎనిమిది వందల పన్నెండు మందిలో భూషణం ఎనిమిది వందల పన్నెండోవాడు.

ఆ సంగతి ప్రతి సోమవారం పొద్దున్నే ఫోను చెప్పేది. దివి కెరటాలు అనే కబడ్డీ జట్టుకి 'కెరటాల కుటుంబం' అని ఒక వాట్సాప్ గ్రూపు. ఎవరు ఎంత నమ్మకమైన అభిమానో అంకెలు వేసి వారం వారం అందులో పట్టీ పెట్టేవాళ్లు. పొద్దున ఏడింటికి నీలం గుండె బొమ్మ పెడితే ఒక మార్కు. జట్టు ఫోటో పదిమందికి పంపితే రెండు. ఎదుటి జట్టు పేజీలోకి వెళ్లి తిట్టి వస్తే అయిదు. మొదటి స్థానం ఎప్పుడూ 'కెరటం కింగ్' అనేవాడిది. వాడి అసలు పేరు ఎవరికీ తెలియదు. హైదరాబాదులో ఉంటాడట. జట్టు ఆడగా ఒక్కసారి కూడా ఎదురుగా చూడలేదని వాడే రాసుకున్నాడు. చూడకుండానే ఇంత ప్రేమిస్తున్నవాణ్ని, చూస్తే ఏమైపోతానో అన్నాడు. దానికి మూడు వందల మంది గుండెలు పెట్టారు. గుండె అంత చవకైపోయింది.

భూషణం ఆ ఏడు జట్టు ఆడిన తొమ్మిది ఆటలూ చూశాడు. తొమ్మిదీ గీత పక్కన నేల మీద కూర్చుని చూశాడు. అవనిగడ్డలో ఆటకి రెండు బస్సులు మారాడు. పెదపారుపూడిలో వాన పడి ఆట గంటన్నర ఆగితే, నెత్తిన తువ్వాలు కప్పుకుని అక్కడే కూర్చున్నాడు.

"వెళ్లి చూసినదానికి మార్కు లేదా?" అని అడిగాడు కుసుమని.

భూషణం అచ్చులు అద్దే షెడ్డులోనే కుసుమ కూడా పని చేసేది. గుడ్డల్ని కరక్కాయ కలిపిన గేదెపాలలో ముంచి పిండి ఆరేసేది. చేతులు తుడుచుకున్నప్పుడల్లా భూషణం ఫోను చూసేది కూడా ఆవిడే.

"వెళ్లినట్టు ఫోటో పెట్టావా బాబాయ్?"

"ఆట చూస్తానా, ఫోటో తీస్తానా?"

"అయితే నువ్వు వెళ్లలేదు," అంది కుసుమ.

పెడనలో ఆ షెడ్డు మోహనకృష్ణది. గ్రూపు కూడా మోహనకృష్ణదే. షెడ్డు తండ్రి ఇచ్చిపోయాడు, గ్రూపు సొంతంగా సంపాదించుకున్నాడు. నలుగురిలో రెండోదాని గురించే చెప్పుకునేవాడు. సెమీఫైనల్‌కి పది రోజుల ముందు భూషణం బల్ల దగ్గరికి వచ్చి, ఒక శాలువా అద్దాలన్నాడు. చుట్టూ కెరటాల అంచు, లోపల తీగలు, చేపలు.

"మధ్యలో జానెడు మేర ఖాళీ ఉంచండి భూషణం గారూ. అక్కడ జట్టు లోగో వేయిద్దాం. ఫైనల్ రోజు నాగవంశీకి కప్పాలి. లైవ్ పెడతాం."

నాగవంశీ జట్టులో ఎడమ మూల కాసేవాడు. పాలకాయతిప్ప పక్కన పల్లెవాడు. భూషణం భార్యది ఆ ఊరే గనక మావయ్యా అని పిలిచేవాడు. ఆవిడ పోయి ఆరేళ్లయినా ఆ పిలుపు మానలేదు. కూతకి వచ్చినవాడి మడమని నేల మీద పడి అందుకోవడంలో జిల్లాలో అతనికి సాటి లేరు. ఆ పట్టు చూడటానికి భూషణం పదేళ్లుగా బస్సులెక్కుతున్నాడు.

శాలువా మీద నల్లరంగు పని నాలుగు రోజుల్లో పూర్తిచేశాడు. ఇనుప తుక్కూ బెల్లమూ నానేసి పులియబెట్టిన నలుపు అది. కరక్కాయ పట్టిన గుడ్డ మీద అచ్చు ఆనించి పిడికిలితో ఒక్క గుద్దు గుద్దితే, గీత అక్కడికక్కడే నల్లబడుతుంది. కెరటం పక్కన కెరటం. ఎక్కడ అచ్చు ముగిసి ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపించమంటే మోహనకృష్ణ కూడా చూపించలేడు. అంటే, షెడ్డు అతనిదే గాని ఆ చూపు అతనికి లేదు.

మధ్యలో జానెడు ఖాళీ వదిలాడు.

*

సెమీఫైనల్ బుధవారం సాయంత్రం గుడివాడలో. భూషణం మధ్యాహ్నం పని ఆపి, పెడన స్టేషనులో పాసింజరు ఎక్కి వెళ్లాడు. ఎనిమిది వందల పన్నెండు మంది కుటుంబంలో వచ్చినవాళ్లని లెక్కపెట్టాడు. ఏడుగురు. ఆ ఏడుగురిలో నలుగురు ఆటకి వీపు తిప్పి నిలబడ్డారు, ఫోటోలో ఆట తమ వెనక పడాలని.

భూషణం ఎడమ మూల దగ్గర, తాడుకి ఇవతల, గొంతుక్కూర్చున్నాడు.

ఆఖరి కూతకి ముప్పై ఒకటి, ముప్పై ఒకటి. గుడివాడ కూతగాడు పొట్టిగా గట్టిగా ఉన్నాడు. అతను ఉత్త చేతులతో వెనక్కి పోతే ఆట సమానం, అదనపు సమయం ఇస్తారు. ఎవర్నయినా తాకి పోతే వాళ్లది గెలుపు. పట్టుబడితే వీళ్లది. అతను కుడివైపు బెదిరించి ఎడమకి తిరిగాడు. కాలు చాపాడు, తీశాడు. తీసే కాలు కోసం నాగవంశీ నేల మీద పడ్డాడు.

మడమ జారిపోయింది. గోళ్లు మాత్రం రాచుకున్నాయి.

భూషణం నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. నలభై ఏళ్లుగా వెంట్రుకవాసి తేడా రాకుండా అచ్చు పక్కన అచ్చు పెట్టిన కన్ను అది. మడమ మీద చెమట చెదరడం చూశాడు. పట్టుకోబోయి జారినా తగిలినట్టే. కూతగాడు గీత దాటిపోతే తగిలినవాడు చచ్చినట్టే.

కూతగాడికి ఆ సంగతి తెలియలేదు. మొహం వేలాడేసుకుని తన వైపుకి పోయాడు. రిఫరీకి కనపడలేదు. ఏమీ లేదన్నట్టు రెండు చేతులూ అడ్డంగా ఊపబోయాడు.

నాగవంశీ మోకాళ్ల మీద లేచాడు. తన వేళ్ల వంక చూసుకున్నాడు. చెయ్యెత్తి, తల దించుకుని, బయటికి నడిచాడు.

ముప్పై రెండు, ముప్పై ఒకటి.

దివిసీమ మట్టి మీద చెడుగుడు నేర్చినవాడికి అది కొత్త కాదు. అక్కడ రిఫరీ ఉండడు. తగిలితే తగిలినవాడే చెయ్యెత్తాలి. ఎత్తనివాణ్ని తిట్టరు, కొట్టరు. మర్నాటి నుంచి ఆటకి పిలవరు. అంతే.

రైల్లో భూషణం కిటికీ పక్కన కూర్చుని వేయించిన వేరుశనగలు తిన్నాడు. జట్టు ఓడిపోయింది. ఆ సంగతి కౌతవరం దాటేదాకా అతనికి గుర్తు రాలేదు.

*

"అమ్ముడుపోయాడంట బాబాయ్," అంది కుసుమ గురువారం పొద్దున్నే.

"ఎవరు?"

"మీ నాగవంశీ. గుడివాడవాళ్లకి అమ్ముడుపోయాడంట. చదవనా?"

పాల తొట్టి పక్కన పీట మీద కూర్చుని చదివింది. కొన్ని మాటల దగ్గర ఆగి, "ఇది వద్దులే," అని కిందికి జరిపింది. చెయ్యి నరకాలన్నాడు ఒకడు. ఏ చెయ్యి అని అడిగాడు ఇంకొకడు, నవ్వే బొమ్మతో. కెరటం కింగ్ పెద్ద వ్యాసమే రాశాడు. మూడేళ్లుగా రోజూ గుండె పెట్టిన తన నమ్మకానికి ఇది వెన్నుపోటని, రాత్రి అన్నం తినలేదని. ఒక వీడియో తిరుగుతోంది. అవతలి వైపు నుంచి తీసినది. అందులో నాగవంశీ వీపే కనిపిస్తుంది, వేళ్లు కనపడవు. ఆ వీపు చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, 'ఎక్కడ తగిలింది?' అని రాశారు.

"వాళ్లమ్మ ఫోటో కూడా పెట్టారు. చేపలు ఎండేసుకుంటోంది పాపం. ఏం రాశారో చెప్పను."

భూషణం అచ్చు కింద పెట్టాడు. అరచేతులు పంచెకి తుడుచుకున్నాడు.

"మాట్లాడి పంపించేది ఉంటుందిగా. అది నొక్కు."

కుసుమ నొక్కి పట్టుకుంది. భూషణం ఫోను దగ్గరికి వంగి, ఊరి మైకులో చెప్పినట్టు చెప్పాడు.

"నా పేరు భూషణం. పెడనలో అద్దకం పని. నిన్న నేను గుడివాడలో గీత పక్కన ఉన్నాను. నాగవంశీ గోళ్లు కూతగాడి మడమకి తగిలాయి. నేను చూశాను. తగిలింది గనక చెయ్యెత్తాడు. మగాడు గనక ఎత్తాడు. ఇక ఆపండి."

ఎవరూ ఆపలేదు. అందరూ వినను కూడా లేదు. విన్నవాళ్లు జవాబిచ్చారు. తాతా, కళ్లజోడు మార్చు. ఈ పెద్దాయన గుడివాడవాళ్ల మనిషి. పట్టీలో ఆఖరివాడు, ఒక్క గుండె పెట్టని మొహం, మనకి అభిమానం నేర్పుతాడా. ఒకడు మాత్రం మర్యాదగా అడిగాడు: మీరు చూసినట్టు వీడియో ఉందా అండీ?

"ఉందా?" అంది కుసుమ.

"కళ్లున్నాయి."

"అవి ఎవరికి పంపుతావు?"

పదకొండింటికి మోహనకృష్ణ వచ్చాడు. బల్ల మీద పరిచిన శాలువా వంక చూడకుండా మాట్లాడాడు.

"ఆ గుడ్డ ఆపెయ్యండి. ఫైనలే లేదు, ఇంకేం సన్మానం? మీరా వాయిస్ ఎందుకు పెట్టారండీ? గ్రూపు సెంటిమెంటు అలా లేదు."

"నేను చూశానండీ."

"ఎనిమిది వందల మంది చూశారు వీడియోలో."

"వాళ్లు వీపు చూశారు."

"మెజారిటీ అంటారు భూషణం గారూ దాన్ని," అన్నాడు మోహనకృష్ణ, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. "మీకు తెలీదు. ఈ రోజుల్లో అభిమాని అంటే ఫోర్సు. యాజమాన్యం కూడా మన గ్రూపు చూసే నిర్ణయాలు తీసుకుంటోంది. వచ్చే ఏడు నాగవంశీని ఉంచాలా వద్దా అని ఓటింగు పెట్టాం. తొంభై శాతం వద్దన్నారు."

"వాడికి అదే కదండీ బతుకు."

"మరి ఆలోచించుకోవాల్సింది, చెయ్యెత్తేముందు."

అతను వెళ్లాక భూషణం చాలాసేపు పని చెయ్యలేదు. తరవాత అటక మీంచి పాత అచ్చుల బుట్ట దించాడు. అడుగున ఒక ద్వారపాలకుడి అచ్చు ఉంది, మోహనకృష్ణ తాత నాటిది. టేకు చెక్క చమురు పీల్చి నల్లబడి, ఒక పక్క కిరీటం విరిగి ఉంది. కుడిచెయ్యి మాత్రం పూర్తిగా ఉంది. అయిదు వేళ్లూ విడివిడిగా, పైకెత్తి.

ఒక కాగితం తీసుకుని, అందులో చెయ్యి మేరకి కంత కోశాడు. ఆ కాగితాన్ని శాలువా మధ్యలో ఖాళీ మీద పరిచాడు. కిరీటం, మొహం, గద, ఒళ్లు అన్నీ కాగితం మీద పడతాయి. గుడ్డ మీద చెయ్యొక్కటే పడుతుంది. నలుపు పెట్టె పక్కకి నెట్టి పటిక పెట్టె ముందుకి లాక్కున్నాడు. పటిక పనిలో అదే తమాషా. అద్దినప్పుడు తడి మచ్చలా కనిపిస్తుంది, ఆరితే అదీ పోతుంది. రంగు కాగులో ఉడికితే తప్ప ఎరుపు పైకి రాదు. అందాకా అది అద్దినవాడి గుట్టు.

అచ్చు ఆనించాడు. చూసుకున్నాడు. ఒక్క గుద్దు.

కుసుమ తొట్టి దగ్గర్నుంచి చూస్తూనే ఉంది.

"ఆపమన్నాడు కదా బాబాయ్."

"గుడ్డ నేను ఉంచుకుంటాను. నాగవంశీకి నేనే ఇస్తాను, వాళ్లింటికెళ్లి."

కాగితం ఎత్తాడు. చెయ్యి తడిగా మెరిసింది. మధ్యాహ్నం గాలికి ఆరి మాయమైంది.

*

శనివారం పొద్దున నాగవంశీ వీడియో పెట్టాడు.

కుసుమ ఫోను తెచ్చి బల్ల మీద అచ్చుకి ఆనించి నిలబెట్టింది. ఏదో ఆఫీసు గదిలో, జట్టు జెండా ముందు కూర్చున్నాడు. గడ్డం గీసుకున్నాడు. కాగితం చూసి చదువుతున్నట్టు కళ్లు పక్కకి పోతున్నాయి.

"నా ప్రాణమైన అభిమానులకి నమస్కారం. బుధవారం ఆటలో నాకు ఎవరూ తగల్లేదు. ఒత్తిడిలో తగిలిందనుకున్నాను. అది నా పొరపాటు. మీ గుండెలు గాయపరిచినందుకు క్షమించండి. మీరు లేకపోతే నేను లేను."

భూషణం రెండోసారి పెట్టమన్నాడు. రెండోసారి చూసి, ఫోను తిరగేసి పెట్టాడు.

గ్రూపులో పండగ. గుండెలు లెక్కకి అందలేదు. మనవాడు మనవాడే అన్నారు. చెయ్యి నరకాలన్నవాడు ఆ చెయ్యికి ముద్దు పెట్టాడు. కెరటం కింగ్ కళ్లనీళ్లు ఆగలేదట. క్షమించడంలో ఉన్న సుఖం ఇంతని తనకి తెలియదట. ఒక్క చిక్కు మాత్రం మిగిలింది. తగల్లేదని ఆడినవాడే చెబుతుంటే, తగిలిందని ప్రచారం చేసిన ఆ పెడన ముసలాడెవడు? మన వీరుడి మీద లేనిపోనివి పుట్టించినవాడు ఇంకా గ్రూపులో ఎందుకున్నాడు?

సాయంత్రానికి మోహనకృష్ణ మొహం వెలిగిపోతూ వచ్చాడు.

"భూషణం గారూ, ఆ గుడ్డ ఉందా, పారేశారా? ఉందిగా. కడిగి ఉడకెయ్యండి. వచ్చే బుధవారం బందర్లో కుటుంబ సమ్మేళనం పెడుతున్నాం. నాగవంశీకి అక్కడే సన్మానం. అతన్ని గ్రూపులోకి తెచ్చాం, అడ్మిన్ని కూడా చేశాం. ఆడేవాడే అడ్మిన్ అయిన గ్రూపు జిల్లాలో మనదొక్కటే."

"జట్టులో ఉంచుతున్నారా?"

"ఓటింగు మళ్లీ పెట్టాం. తొంభై ఆరు."

ఆదివారం పొద్దున భూషణం గుడ్డల మూట నెత్తిన పెట్టుకుని కాలవకి వెళ్లాడు. పారే నీళ్లలోనే ఉతకాలి. నిలవ నీళ్లలో వదిలిన నలుపు తిరిగి గుడ్డకే పడుతుంది. మోకాలి లోతున దిగి శాలువాని వాలుకి వదిలాడు. కెరటాల అంచు నీళ్లలో బారుగా సాగింది. మధ్యన తెల్లగా, ఏమీ లేనట్టుగా ఉంది.

గట్టు మీద మోటారుసైకిలు ఆగింది.

"మావయ్యా."

నాగవంశీ ప్యాంటు మడిచి నీళ్లలోకి దిగాడు. అడక్కుండానే గుడ్డ రెండో కొస అందుకున్నాడు. ఇద్దరూ చెరోవైపు మెలిపెట్టారు. నీళ్లు ధారగా కారాయి. మళ్లీ విప్పి వాలుకి వదిలారు.

"ఇది నాకేనంటగా. మోహనకృష్ణ గారు చెప్పారు."

"ఊఁ."

"బాగుంది మావయ్యా."

"ఇంకా పూర్తవలేదు."

నాగవంశీ గొంతు సవరించుకున్నాడు.

"మీ వాయిస్ విన్నాను. అందరూ నన్ను తిడుతున్నప్పుడు మీరొక్కరే మాట్లాడారు. అమ్మకి కూడా వినిపించాను. అమ్మ ఏడిచింది."

భూషణం తన కొసని నీళ్లలో జాడించాడు.

"ఇప్పుడు ఆ వాయిస్సే నాకు అడ్డమొచ్చింది. నిన్నటి నుంచీ ఎవడో ఒకడు పైకి లాగుతూనే ఉన్నాడు. ఆ ముసలాయన నిజమా, నువ్వు నిజమా అని. జట్టు యాజమాన్యం కూడా అడిగింది. మీరు..." ఆగాడు. "పొరబడ్డానని మీరొక్క మాట పెడితే అయిపోద్ది. కన్ను సరిగా ఆనలేదని. వయసు కదా, ఎవరూ తప్పుగా అనుకోరు."

"తగిలిందా?"

"మావయ్యా..."

"తగిలిందా, తగల్లేదా?"

నాగవంశీ నీళ్ల వంక చూశాడు. "తగిలింది."

"మరి?"

"తగిలిందని తెలిసినవాళ్లం ఇద్దరం. తగల్లేదనేవాళ్లు ఎనిమిది వందల మంది. వాళ్లు వద్దంటే నేను ఎండు చేపల గంప మొయ్యాలి. మీరొక్కరు నేను కావాలన్నా నాకేమొస్తది చెప్పండి."

అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అదే భూషణానికి మంట. అబద్ధమైతే తిట్టి పంపేవాడు.

"గుడ్డ వదులు," అన్నాడు. "నేను పిండుకుంటాను."

నాగవంశీ వదల్లేదు. "పెడతారా మరి, ఆ ఒక్క మాట?"

భూషణం తన కొసని ఒక్క గుంజు గుంజాడు. గుడ్డ నాగవంశీ వేళ్లలోంచి జారి వచ్చేసింది. మడమ జారినంత తేలిగ్గా.

*

"నిన్ను గ్రూపులోంచి తీసేశారు బాబాయ్," అంది కుసుమ సోమవారం. ఆ రోజు పట్టీ వచ్చే రోజు. పట్టీ రాలేదు.

"మోహనకృష్ణేనా?"

కుసుమ ఫోను అతని మొహానికి దగ్గరగా పెట్టింది. భూషణం అక్షరాలు కూడబలుక్కున్నాడు. తీసేసినవాడి పేరు రాసే ఉంది. నాగవంశీ మిమ్మల్ని తొలగించారు.

మిమ్మల్ని అన్నది ఫోను. ఆ మర్యాద దానిది.

రాగి కాగు కింద చెక్కలు అప్పటికే అంటుకున్నాయి. నీళ్లు గోరువెచ్చనయ్యాయి. ఎర్రరంగునిచ్చే మొక్క వేళ్ల పొడి కలిపిన నీళ్లు ఇటుకరంగులో తిరుగుతున్నాయి. కుసుమ లోపలికి వెళ్లి చిన్న గిన్నెతో వచ్చింది. గిన్నెలో నిమ్మఉప్పు కరిగించిన నీళ్లు, ఒక దూది పుల్ల.

"ఇది రాసేస్తే పటిక పోద్ది కదా. మధ్యలో తెల్లగా ఉండిపోద్ది. మోహనకృష్ణ గారు అడిగింది అదేగా. వాడి కోసం అద్దావు. వాడే అలా అయ్యాక ఇంకెందుకు బాబాయ్ ఆ చెయ్యి? తుడిచెయ్. నీకూ మంచిది."

భూషణం గిన్నె అందుకున్నాడు. శాలువా మోకాళ్ల మీద పరుచుకుని, ఖాళీగా ఉన్న చోటు అరచేత్తో తడిమాడు. అయిదు వేళ్లూ ఎక్కడెక్కడున్నాయో ఒక్క అతనికే తెలుసు. దూది పుల్ల ముంచాడు. బొటనవేలు ఉండాల్సిన చోట, గుడ్డకి వెంట్రుకవాసి పైన, పట్టుకుని ఆపాడు. పుల్ల చివర బొట్టు ఊరింది.

పుల్ల తిరిగి గిన్నెలో పెట్టాడు. గిన్నె తీసుకెళ్లి, గచ్చు మీద ఎన్నాళ్లుగానో ఉన్న నల్లమరక మీద పోసి చీపురుతో రుద్దాడు.

"వాడి కోసం కాదు," అన్నాడు. "ఆ రోజు చెయ్యి లేచింది. నేను చూశాను."

శాలువాని కాగులోకి దింపి కర్రతో తిప్పడం మొదలుపెట్టాడు. ఆపకుండా తిప్పాలి. ఆపితే మచ్చలు కడుతుంది. పావుగంటకి నీళ్లు మరిగాయి. కర్రతో గుడ్డని పైకి లేపినప్పుడు మధ్యలో లేత గులాబీ నీడ కనిపించింది. ఇంకో పావుగంటకి వేళ్లు విడిపడ్డాయి. ఇంకాసేపటికి అరచేతిలో గీతలు కూడా తేలాయి. దానిమ్మ గింజ ఎరుపు.

మోహనకృష్ణ వచ్చేసరికి శాలువా తీగ మీద ఆరుతోంది.

"ఇదేంటి? లోగోకి చోటు వదలమన్నాను కదండీ. ఈ చెయ్యేంటి?"

భూషణం కర్ర కడుక్కుంటున్నాడు.

మోహనకృష్ణ రెండడుగులు వెనక్కి వేశాడు. తల పక్కకి వాల్చి చూశాడు. ఫోను తీసి ఫోటో తీశాడు. దాన్ని వేళ్లతో పెద్దది చేసి చూసుకున్నాడు.

"అభిమానులకి హాయ్ చెబుతున్నట్టుంది," అన్నాడు నెమ్మదిగా. "బాగుందండీ. లోగో కంటే ఇదే బాగుంది. ఒక్క మాట చెప్పి చెయ్యాల్సింది, అంతే. బుధవారం ఇస్త్రీ చేసి మీరే పట్టుకురండి."

*

బందరులో ఫంక్షన్ హాలు నిండింది. బిర్యానీ ఉందని గ్రూపులో మూడుసార్లు పెట్టారు. గుడివాడ ఆటకి ఏడుగురు వచ్చిన కుటుంబం బిర్యానీకి నాలుగు వందల మంది వచ్చింది. అందరి చొక్కాల మీదా నీలం గుండె.

కెరటం కింగ్ కూడా వచ్చాడు. భూషణం ఒక రాక్షసుణ్ని చూస్తాననుకున్నాడు. నలగని చొక్కా, మెత్తని గొంతు, కాస్త పొట్ట. అత్యంత నమ్మకమైన అభిమాని అని గాజు పలక ఒకటి ఇచ్చారు. దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడి, శాలువా తెచ్చి అందించిన భూషణంతో అన్నాడు:

"పెద్దాయనా, కొంచెం పక్కకి జరగండి. ఫ్రేములో పడుతున్నారు."

భూషణం జరిగాడు. మెట్లు దిగి గోడ పక్కన నిలబడ్డాడు.

మోహనకృష్ణ ఒక కొస, కింగ్ ఒక కొస పట్టుకుని శాలువాని జనం ముందు విప్పారు. ఎర్రచెయ్యి హాలంతటికీ కనిపించింది. ఈలలు పడ్డాయి. కుర్చీలోంచి లేచిన నాగవంశీ శాలువా వంక చూశాడు. అతని నవ్వు మొహం మీదే ఉండిపోయింది, కళ్లు మాత్రం హాల్లో వెతికాయి. గోడ దగ్గర ఆగాయి. భూషణం చూపు తిప్పుకోలేదు.

శాలువా భుజాల మీద కప్పారు. చెయ్యి వీపు మీద పడింది.

"అందరూ చెయ్యెత్తండి," అని అరిచాడు ఫోటోగ్రాఫరు. "శాలువా మీద ఉన్నట్టు. వెనకవాళ్లు కూడా."

నాలుగు వందల చేతులు లేచాయి. ఒక చేత్తో ఫోను, ఒక చెయ్యి పైకి. ఎవరికీ ఏమీ తగల్లేదు.

"నాగవంశీ అన్నా, మీరు కూడా."

నాగవంశీ శాలువా రెండు కొసలూ ఛాతీ దగ్గర పిడికిళ్లలో పట్టుకుని ఉన్నాడు. పిడికిళ్లు విప్పలేదు.

"అన్నా, చెయ్యి."

కింగ్ గాజు పలక మోహనకృష్ణకి ఇచ్చి, నాగవంశీ మణికట్టు పట్టుకుని పైకి ఎత్తాడు. ఫోటో పడింది. వదలగానే చెయ్యి కిందికి వాలిపోయింది. సరిగా రాలేదు, మళ్లీ తీద్దాం అన్నాడు ఫోటోగ్రాఫరు. కింగ్ మళ్లీ ఎత్తాడు.

భూషణం గుమ్మం వైపు నడిచాడు. గుమ్మం దగ్గర బల్ల మీద బిర్యానీ పొట్లాలు పేర్చి ఉన్నాయి. అక్కడున్నవాడు ఒకటి అందించబోయాడు. చొక్కా మీద గుండె లేకపోవడం చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మావయ్యా," అని వినిపించింది వెనక నుంచి. మైకులో కాదు. మామూలు గొంతు. అంత గోలలోనూ అందింది.

భూషణం వెనక్కి తిరగకుండా మెట్లు దిగి, కోనేరు సెంటరు వైపు తిరిగాడు. పెడన బస్సుకి ఇంకా పది నిమిషాలు ఉంది. ఎవడు చెయ్యెత్తకపోయినా దివిసీమ మట్టి మీద తిట్టరు, కొట్టరు. ఆటకి పిలవరు, అంతే.